పులి అని పేరు పెట్టాం, మంచం కింద నుంచి రావడం లేదు

నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరూ ఊరూ వద్దన్నారు కనుక అవి తీసేసి, విషయం మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఇంట్లో నలుగురు: ఉత్తరం రాసినావిడ, భర్త, పదకొండేళ్ల కొడుకు, అత్తగారు. కొడుకు రెండేళ్లు అడగ్గా అడగ్గా ఆరు వారాల కిందట ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారు. అప్పటికి దాని వయసు 9 వారాలు, ఇప్పుడు 15. చూడటానికి వెళ్లిన రోజున తల్లి దగ్గర ఐదు పిల్లలున్నాయట. నాలుగు పరుగున వచ్చి వీళ్ల కాళ్ల మీద ఎగబడ్డాయి. ఐదోది గోడ మూలకు ఒదిగి కూర్చుంది. "పాపం, అల్లరి లేదు, మనకు ఇదే నయం" అని ఆవిడే ఎంచుకున్నారు. కొడుకు ముచ్చటపడి పులి అని పేరు పెట్టాడు.

మొదటి రెండు రోజులూ పులి మంచం కింద నుంచి బయటికి రాలేదు. రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి, గిన్నెలో ఉన్నది తిని, మళ్లీ లోపలికి పోయేది. తర్వాత ఆవిడకూ పిల్లవాడికీ మచ్చికయింది. వాళ్లిద్దరి దగ్గర ఆడుతుంది, తోక ఊపుతుంది. భర్త కూర్చుని ఉంటే దగ్గరికి వస్తుంది, లేచి నిలబడితే పారిపోతుంది. చీపురు, గొడుగు, మిక్సీ, కాలింగ్ బెల్, వీధిలో మోటారుసైకిలు, అన్నీ భయమే. టీకాలన్నీ పూర్తయ్యేదాకా నేల మీద కాలు పెట్టనివ్వవద్దని ఎవరో చెబితే ఇంతవరకూ గడప దాటించలేదు. రెండు డోసులు అయ్యాయి, మూడోది వచ్చే వారం.

మూడు వారాల కిందట కొడుకు పుట్టినరోజుకు పదిహేనుమంది పిల్లలు వచ్చారు. పులిని ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుని ఎత్తుకున్నారు. అది ఒక పాప ఒళ్లో మూత్రం పోసి, కిందికి దూకి, వాషింగ్ మెషీన్ వెనక దూరి నాలుగు గంటలు రాలేదు. అప్పటి నుంచి ఎవరు బెల్ కొట్టినా మంచం కిందే. పోయిన వారం పక్కింటాయన "దీని సంగతి నేను చూస్తాను" అంటూ చెయ్యి పెట్టి లాగబోతే గుర్రుమంది.

ఇక ఇంట్లో తలో మాట. భర్త అంటారు: "గొలుసు కట్టి రోజూ రద్దీలోకి తీసుకెళ్తే పది రోజుల్లో అదే అలవాటు పడుతుంది." అత్తగారు అంటారు: "వణికినప్పుడల్లా ఒళ్లో పెట్టుకుని నువ్వే దాన్ని చెడగొడుతున్నావు." మరిది సలహా ఇంకో కుక్కపిల్లను తెమ్మని. ఒక శిక్షకుడు నెల రోజులు తన దగ్గర వదిలితే మార్చి ఇస్తానన్నాడట. 14 వారాలు దాటిన కుక్కపిల్ల ఇక మారదని ఎక్కడో చదివినప్పటి నుంచి ఆవిడకు నిద్ర లేదు. "నా చేతకానితనం వల్లే ఇలా అయిందా? తెచ్చిన చోటే తిరిగి ఇచ్చేయడం దానికి మేలా?" ఇదీ ప్రశ్న. ఉత్తరం అడుగున పెన్సిల్‌తో వేరే చేతిరాతలో ఒక వాక్యం ఉంది: "పులి పేరు మార్చాలా? మా క్లాసులో అందరూ నవ్వుతున్నారు."

అమ్మా, ముందు ఆ 14 వారాల సంగతి తేల్చుకుందాం. మీ ఉత్తరంలో అసలు దిగులు అదే.

కుక్కపిల్లలకు మూడో వారం నుంచి సుమారు 12, 14 వారాల దాకా ఒక దశ ఉంటుంది. ఆ రోజుల్లో చూసినవాటిని, విన్నవాటిని, తాకినవాటిని అవి తేలికగా తమ లోకంలో చేర్చుకుంటాయి. ఆ తర్వాత కొత్తదేది ఎదురైనా ముందు అనుమానిస్తాయి. ఇది నిజం. ఈ 14 అన్న అంకె వెనక ఒక ప్రయోగం ఉంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలవాళ్లు దాని వివరాలు 1961లో ప్రచురించారు. కొన్ని కుక్కపిల్లలను ఎత్తయిన కంచె వేసిన మైదానంలో, మనిషి కంటపడకుండా పెంచారు. తిండి కూడా కంచెలోని కంతలోంచే. కొన్నింటిని మధ్యమధ్య వేర్వేరు వయసుల్లో ఒక వారం మనుషుల దగ్గరికి తెచ్చారు. 14 వారాల దాకా మనిషినే చూడని పిల్లలు మాత్రం అడవి జంతువుల్లా తయారయ్యాయి.

కానీ పులి అలా పెరగలేదు కదా. 9 వారాలకు మీ ఇంటికొచ్చింది, రెండు రోజులు గడిచాక మీకూ అబ్బాయికీ మచ్చికయింది, తోక ఊపుతోంది, ఆడుతోంది. మనిషిని నమ్మడం దానికి వచ్చు. తెలిసిన మనుషుల సంఖ్య తక్కువ, అంతే. ఆ వయసు తలుపు మూసినట్టు ఒక్క రోజున ముగిసిపోదు, సాయంత్రపు వెలుగులా తగ్గుతూ పోతుంది. నిన్నటిదాకా ఉచితంగా వచ్చినది ఇకపై ఓపిక పెట్టి కొనుక్కోవాలి. కొనలేమని ఎవరైనా చెబితే నమ్మకండి.

"నా వల్లేనా" అన్నదానికి వస్తాను. మీరు చూడటానికి వెళ్లిన రోజునే అది మూలన ఉంది. దాన్ని మూలన కూర్చోబెట్టింది మీరు కాదు. బెదురు కొంతవరకు పుట్టుకతోనే వస్తుంది. 1960లలో ఆర్కన్సాస్ విశ్వవిద్యాలయంలో పాయింటర్ జాతి కుక్కల్లో రెండు వంశాలను వేరువేరుగా పెంచారు. ఒకటి మామూలు వంశం, రెండోది బెదురు వంశం. రెండో వంశంలో పుట్టిన పిల్లలు మనిషి దగ్గరికొస్తే బిగుసుకుపోయేవి. తల్లి బెదురుదైతే కడుపులో ఉన్నప్పటి నుంచే ప్రభావం ఉంటుంది, తల్లి దేన్ని చూసి పారిపోతుందో పిల్లలు కూడా అదే చూసి నేర్చుకుంటాయి. ఇంకోసారి ఎవరైనా కుక్కపిల్లను ఎంచుకోబోతే తల్లిని చూసి రమ్మనండి, అది పిల్లను చూసినదానికంటే ఎక్కువ చెబుతుంది. మూలన కూర్చున్న పిల్లను నెమ్మదైనది అనుకోవడం చాలామంది చేసే పొరపాటే. నెమ్మది వేరు, బెదురు వేరు.

పుట్టినరోజు నాటి వ్యవహారం మాత్రం మీ ఇంటి తప్పే. దాన్ని నేను మెత్తగా చెప్పలేను. మిమ్మల్ని మీ బరువుకు ఎన్నో రెట్లున్నవాళ్లు పదిహేనుమంది, అరుస్తూ, నేల మీద కాలు ఆననివ్వకుండా ఒకరి చేతిలోంచి ఇంకొకరికి అందిస్తే ఎలా ఉంటుందో అనుకోండి. కొన్ని భయాలు ఒక్క దెబ్బకే ముద్ర పడతాయి. బెల్ మోగితే మంచం కిందికి పోవడం ఆ రోజు నేర్చుకున్న పాఠమే: బెల్ మోగింది, మనుషులొచ్చారు, తనను పట్టుకున్నారు. పాఠం కరెక్టుగానే నేర్చుకుంది, బుర్ర లేక కాదు. ఒప్పుకుని ముందుకు పోదాం.

మీవారి పద్ధతి చూద్దాం. లాక్కెళ్తే పది రోజుల్లో మారుతుందన్నారు. మారుతుంది కూడా, పదో రోజున పులి గింజుకోవడం మానేయవచ్చు. కదలకుండా నిలబడుతుంది. "చూశావా" అంటారు ఆయన. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం ఉంది, పాపం అదీ కుక్కల మీదే. ఏం చేసినా తప్పించుకోలేని విధంగా కరెంటు షాకులు తిన్న కుక్కలను, తర్వాత చిన్న అడ్డు దాటితే షాకు తప్పే పెట్టెలో ఉంచారు. చాలా కుక్కలు దాటే ప్రయత్నమే చేయలేదు, పడుకుని భరించాయి. ఊరుకున్న కుక్క ధైర్యం వచ్చిన కుక్క కాదు, ఆశ వదులుకున్న కుక్క కావచ్చు. తేడా ఎలా తెలుస్తుంది? చేతిలో దానికి ఇష్టమైన ముక్క పెట్టి చూపండి. నిబ్బరంగా ఉన్న కుక్క తింటుంది. బిక్కచచ్చిన కుక్క ముక్కు ముందున్నా తినదు, తల పక్కకు తిప్పుకుంటుంది. కంటి అంచున తెల్లగుడ్డు కనిపిస్తుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ఏమీ తినకపోయినా పెదవులు నాక్కుంటుంది.

ఆయన మాటలో సగం నిజమని కూడా చెప్పండి: బయటికి తీసుకెళ్లాల్సిందే. ఎంత దూరంలో నిలబడాలన్నది మాత్రం పులి చెప్పాలి. ఇంకో మాట. బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తలమీదుగా జారిపోతుంది. రద్దీ రోడ్డు మీద అలా జారితే ఆ తర్వాత శిక్షణ గురించి మాట్లాడుకునే అవసరం కూడా ఉండకపోవచ్చు. ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ సరిగ్గా అమరినది కొనండి, గొలుసు దానికి తగిలించండి. ఈ ఒక్క విషయంలో మాత్రం రెండో ఆలోచన వద్దు.

మీ అత్తగారి మాటకు జవాబు కొంచెం మెలికగా ఉంటుంది. ఓదారిస్తే భయం పెరగదు. భయం పిల్లలు చేసే మారాం లాంటిది కాదు, తాయిలం పెట్టిన కొద్దీ ఎక్కువ చేయడానికి. ఉరుముకు వణికిపోతున్న పసివాణ్ణి దగ్గరికి తీసుకుంటే రేపు కావాలని వణకడు కదా. అది వచ్చి మీ కాళ్ల దగ్గర ఒదిగితే ఒదగనివ్వండి, మెల్లగా వీపు నిమరండి, దాన్ని వద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే పెద్దావిడ ఏదో ఒకటి గమనించే ఆ మాట అని ఉంటారు. మీరు రాసిన వాక్యం ఇది: "అది వణకడం మొదలుపెట్టగానే ఎత్తేసుకుంటాను." ఎత్తుకోవడం వేరు, దగ్గరికి రానివ్వడం వేరు. ఎత్తుకున్న క్షణంలో దాని నాలుగు కాళ్లూ దాని చేతిలో లేకుండా పోతాయి. పారిపోవాలా, నిలబడాలా, ఇంకో అడుగు వేసి వాసన చూడాలా అన్నది తేల్చుకునే వీలు ఉండదు. పుట్టినరోజు నాడు దాన్ని ఎక్కువ బాధించింది కూడా అదే. అందుకని కింద కూర్చోండి, ఒడి ఖాళీగా ఉంచండి, రావాలో వద్దో దాన్ని అనుకోనివ్వండి.

మరిది సలహా వినడానికి బాగుంటుంది, ఎందుకంటే అందులో కొంత పని చేస్తుంది. నిబ్బరమైన, పెద్ద వయసు కుక్క ఒకటి పక్కన నడిస్తే బెదురు పిల్ల దాన్ని చూసి కుదుటపడటం నేనూ చూశాను. మీకు తెలిసినవాళ్ల దగ్గర టీకాలు పూర్తయిన, పిల్లలంటే విసుక్కోని కుక్క ఉంటే వారానికి రెండుసార్లు కలపండి. ఇంకో కుక్కపిల్లను తేవడం మాత్రం వేరే సంగతి. అది ధైర్యమైనదైతే పులి దాని నీడలో బతకడం నేర్చుకుంటుంది, అది లేని రోజున మళ్లీ మంచం కిందికే పోతుంది. అదీ బెదురుదైతే భయాన్ని ఇద్దరూ పంచుకుంటారు. పైగా ఇప్పుడు మీ దగ్గరున్న ఓపిక రెండు వాటాలవుతుంది. ఏడాది తర్వాత, పులి కుదుటపడ్డాక, ఇంకో కుక్క కావాలని మీకే అనిపిస్తే అప్పుడు చూడవచ్చు.

శిక్షకుడి దగ్గర నెల రోజులు వదిలేయడం నాకు నచ్చదు. అక్కడ ఏం జరుగుతుందో మీ కంటికి కనపడదు. పులికి భయం ఉన్నది మీ ఇంటి బెల్ మీద, మీ ఇంటికొచ్చే మనుషుల మీద. ఇంకెక్కడో నేర్చుకున్నది ఇక్కడికి దానంతట రాదు. ఆ నెలలో అది పోగొట్టుకునేది మీ ఇద్దరి తోడు, దాని దగ్గరున్న ఆస్తంతా అదే. శిక్షకుడి సాయం కావాలంటే మీ ఇంటికే రమ్మనండి, మీ కళ్ల ముందే నేర్పమనండి. "భయపడితే ఏం చేస్తారు" అని అడగండి. గొలుసు గుంజుతాననో, గుర్రుమంటే వెల్లకిలా పడేసి అదిమిపెడతాననో చెబితే టీ ఇచ్చి పంపేయండి.

గుర్రుమన్నదానికి ఎవరూ దాన్ని తిట్టలేదు కదా? ఉత్తరంలో అది రాయలేదు. గుర్రుమనడం కుక్క మర్యాద. కరవకుండా మాటతో పోనిస్తోంది అది. ఆ మాట అన్నందుకు దెబ్బ పడితే, రేపు మాట లేకుండానే పన్ను దిగుతుంది. మంచం కింద చెయ్యి పెట్టే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదని ఇవాళే అందరికీ చెప్పండి, పక్కింటాయనతో సహా. చాలామంది ఇక్కడ మంచం కింద అట్టపెట్టెలు అడ్డం పెట్టి దాక్కునే చోటే లేకుండా చేస్తారు. మీరు తిరగేసి చేయండి. మంచం కింద మెత్తటి గుడ్డ పరచండి. ముందు గదిలో కూడా ఒక మూల, రెండు వైపులా తెరిచిన పెద్ద అట్టపెట్టె ఒకటి పెట్టండి. వెనక్కి పోయే దారి ఉందని గట్టిగా నమ్మిన కుక్కే ముందుకు అడుగు వేస్తుంది. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

చీపురుతో మొదలుపెట్టండి, ఎందుకంటే చీపురుకు సొంత బుద్ధి లేదు, మీరు పెట్టినచోట ఉంటుంది. గదికి ఆ చివర నేల మీద పడుకోబెట్టండి. చేతిలో వద్దు, గోడకు చేరవేయడమూ వద్దు, పడితే చప్పుడవుతుంది. పులిని తీసుకురావద్దు, తలుపు తీసి ఉంచి మీరు ఈ చివర కింద కూర్చోండి. అది వస్తుంది, చీపురును చూస్తుంది, ఆగుతుంది. అలా చూసిన క్షణంలో మీ పక్కన ఒక ముక్క పడేయండి. ఉడికించిన మాంసం ముక్క శనగగింజంత చాలు. మళ్లీ చూస్తే మళ్లీ ఒకటి. ఐదు నిమిషాలు. చీపురు తీసి లోపల పెట్టేయండి, ముక్కలూ ఆపేయండి.

మూడో రోజునో ఐదో రోజునో ఒక దృశ్యం కనిపిస్తుంది. మెడ సాగి ఉంటుంది, ముక్కు చీపురు వైపు కదులుతుంటుంది, ముందు కాలు ఒకటి గాల్లో. వెనక కాళ్లు మాత్రం నేలలో పాతినట్టు ఉన్నచోటే ఉంటాయి. ముందు సగం పోదామంటుంది, వెనక సగం వద్దంటుంది. సరిగ్గా ఇక్కడే మనం "రా, రా, శభాష్" అంటూ ముక్కను చీపురు దగ్గర పెట్టి పిలుస్తాం. పిలవకండి. ఆశకొద్దీ ఒక అడుగు ఎక్కువ వేస్తుంది, ముక్క నోట్లో పడగానే తానెక్కడున్నదీ చూసుకుని గుండె జారి పారిపోతుంది, మర్నాడు అంత దూరం కూడా రాదు. ఆ సమయంలో ముక్కను దాని వెనక్కి విసరండి. అది తిరిగి వెనక్కి వెళ్లి తింటుంది, భుజాలు వదులవుతాయి. తర్వాత ఏం చేస్తుందో చూడండి: ఎవరూ పిలవకుండా మళ్లీ చీపురు వైపు వస్తుంది, ఈసారి అరడుగు దగ్గరికి.

ముక్క ఎప్పుడు పెడతారన్నది ముఖ్యం. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న కుక్కకు గొడుగంటే హడలు. నేను తెలివిగా అనుకుని ముందు బిస్కెట్ ఇచ్చి, అది నములుతుండగా గొడుగు తెరిచేవాణ్ణి. వారం తిరిగేసరికి దానికి గొడుగు భయం పోలేదు సరికదా, బిస్కెట్ డబ్బా మూత చప్పుడు వినగానే బల్ల కిందికి పోవడం మొదలుపెట్టింది. భయపెట్టేది ముందు కనిపించాలి, తాయిలం దాని వెనకాల రావాలి. భయపెట్టేదాన్ని దూరం నుంచి తిండితో జతచేసే ఈ పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లవాడి గురించి రాశారు. వాడు ఇష్టమైనది తింటూ కూర్చుంటే కుందేలును బోనులో గది చివర పెట్టి, రోజురోజుకూ జరుపుకుంటూ వచ్చారు. చివరికి వాడు దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. తొందరపడి ఒక్కసారే ముందుకు జరిపితే మాత్రం కథ తిరగబడేది, కుందేలుతో పాటు ఆ తిండి మీద కూడా రోత పుట్టేది.

మిక్సీకీ బెల్‌కూ ఇదే దారి. ఫోనులో మీ బెల్ శబ్దం రికార్డు చేసి, దాని చెవి కాస్త కదిలేంత సన్నగా వినిపించి మొదలుపెట్టండి. శబ్దం, వెంటనే ముక్క. అసలు బెల్ ఈ లోపు ఊరికే మోగకుండా ఉండటం మేలు, వచ్చేవాళ్లను ఫోను చేసి రమ్మనండి.

మనుషుల విషయంలో మీవారు దొరకడం అదృష్టం. రోజూ ఇంట్లోనే ఉండే సగం పరిచయస్తుడు ఆయన. మీద మీదకు వంగడం, నేరుగా కళ్లలోకి చూడటం, తల మీద చెయ్యి వేయడం, ఈ మూడూ మనకు ప్రేమ, కుక్కకు బెదిరింపు. ఆయన కూర్చున్నప్పుడు దాని వైపు చూడకుండా, పక్కకు తిరిగి, ముక్కలు దాని వెనక్కి విసరమనండి. కొన్నాళ్లకు నిలబడి విసరాలి, ఇంకొన్నాళ్లకు రెండడుగులు నడిచి విసరాలి. తానుగా వచ్చి ఒరుసుకుంటే ఛాతీ మీద మూడు సెకన్లు గోకి చెయ్యి తీసేయమనండి. ఇంకా కావాలంటే అదే ముక్కుతో పొడుస్తుంది, వద్దంటే వెళ్లిపోతుంది, ఏదైనా సరే. రోజూ లాక్కెళ్తానన్న మనిషికి ఈ పని అప్పగించడంలో నాకు ఇంకో స్వార్థం కూడా ఉంది: పులి మొదటిసారి తనంతట తాను వచ్చి ఆయన మోకాలికి గడ్డం ఆనించిన రోజున, లాక్కెళ్లడం గురించి మీతో ఇక వాదించరు.

అతిథులకు నియమం చిన్నది. చూడరు, పిలవరు, తాకరు. మీ అబ్బాయి స్నేహితులు వస్తే ఒకసారికి ఒకరు, లేదా ఇద్దరు. ముందే చెప్పి కూర్చోబెట్టండి. పిల్లలు ఎక్కువమంది వచ్చే రోజున పులిని లోపలి గదిలో, తలుపు వేసి, నమలడానికి ఏదైనా ఇచ్చి ఉంచండి. దాన్ని దాచేస్తున్నామని అనుకోకండి. ప్రతి పండక్కీ అది హాజరు కావాల్సిన పని లేదు.

బయటి లోకం మిగిలింది. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, కనుక మీకు చెప్పినవారి జాగ్రత్త ఉత్తుత్తిది కాదు. చివరి డోసు 16 వారాలకో ఆ తర్వాతో పడాలి, అది వేయించండి. అయితే నేల మీద నడవకూడదంటే లోకాన్ని చూడకూడదని కాదు. జంతువుల ప్రవర్తనను పరిశీలించే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే ఈ మాట చెప్పింది: టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను నాలుగు గోడల మధ్యే ఉంచితే, అలా పెరిగిన బెదురు వల్ల కలిగే నష్టం కూడా తక్కువేమీ కాదని. రేపటి నుంచే ఆరుబయట కూర్చోవచ్చు: కారు ఉంటే తలుపు తీసి దాని సీట్లో, లేకపోతే గుమ్మంలో మీ ఒళ్లో పరచిన దుప్పటి మీద. ఒళ్లో కూర్చోవడం ఇష్టం లేకపోతే దిగి ఇంట్లోకి పోయే వీలు ఉండాలి. వీధి దూరంగా ఉండాలి. పది నిమిషాలు చాలు. మోటారుసైకిలు పోయింది, ముక్క. గొడుగు వేసుకుని ఒకాయన నడిచాడు, ముక్క. తినడం మానేసిందంటే దగ్గరగా ఉన్నారని అర్థం, లోపలికి జరగండి. కొత్త మనుషుల చేత ఎత్తించడం, ముద్దు చేయించడం ఏమీ అక్కర్లేదు. చూసి ఊరుకోవడం కూడా ఒక పరిచయమే.

వచ్చే వారం టీకాకు వెళ్లినప్పుడు డాక్టరుతో విడిగా కొంత మాట్లాడండి. చెవిలో నొప్పి, కాలి కీలులో ఇబ్బంది, చూపు, వినికిడి, ఇవి బాగాలేని పిల్ల కూడా బెదురుగానే కనిపిస్తుంది. మనిషి వంగితే మూత్రం పోవడం గురించి కూడా చెప్పండి. చాలావరకు అది లొంగుబాటు చిహ్నం, వయసుతో తగ్గుతుంది, తిడితే పెరుగుతుంది. రెండు మూడు నెలలు ఇవన్నీ చేసినా తిండి మానేసేంత భయం అలాగే ఉంటే, ఆ భయాన్ని తగ్గించే మందులు ఉన్నాయి, వాటితో పాటే ఈ అభ్యాసం సాగుతుంది. ఎవరో ఇచ్చిన మత్తుబిళ్ల మాత్రం వేయకండి. కొన్ని మందులు కాళ్లను కదలనివ్వవు కానీ లోపలి భయాన్ని ముట్టుకోవు.

తిరిగి ఇచ్చేయడం గురించి అడిగారు. అది పాపం కాదు, ఒక్కోసారి న్యాయం కూడా. మీ ఇంట్లో రోజూ పదిమంది వచ్చి పోతుంటే, నలుగురూ ఒక మాట మీదకు రాలేకపోతే, ప్రశాంతమైన ఇల్లు దొరకడం పులికి మేలే. కానీ తెచ్చిన చోటికే అంటే, ఏ మూలన కూర్చుందో ఆ మూలకే. అక్కడి నుంచి ఇంకొకరు "పాపం, అల్లరి లేదు" అని తీసుకెళ్తారు. ఇవ్వాల్సి వస్తే, దాని సంగతంతా చెప్పి, తెలిసి తీసుకునేవాళ్లకే ఇవ్వండి. నా ఉద్దేశం అడిగితే మూడు నెలలు ఆగమంటాను. మచ్చికయిన ఇద్దరు మనుషులున్న ఇల్లు దానికి ఇప్పటికే ఒకటి ఉంది.

ఆ మూడు నెలలూ ఒక నోటు పుస్తకం పెట్టండి. భయపడిందా లేదా అని రాయకండి, రోజూ ఏదో ఒకదానికి భయపడుతుంది, మీకు నీరసం వస్తుంది. భయపడ్డాక ఎంతసేపటికి బయటికి వచ్చిందో రాయండి. పుట్టినరోజు నాడు నాలుగు గంటలు. పక్కింటాయన వచ్చిన రోజున ఎంత? మీరు రాయలేదు, నాకు తెలిసినంతలో అంతకంటే తక్కువే అయి ఉంటుంది. గంట, అరగంటయి, పది నిమిషాలయితే మీ పని సాగుతున్నట్టే. పులి వయసు ఆరు నెలలు దాటాక, యవ్వనం వచ్చే రోజుల్లో, అలవాటైనవాటికే మళ్లీ ఉలిక్కిపడవచ్చు. కష్టమంతా వృథా అయిందనుకోకండి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ అదే ఆట ఆడండి. ఇంతా చేసి పులి ఊరందరి మీదా ఎగబడే కుక్క అవుతుందని నేను చెప్పడం లేదు. కొత్తవాళ్లొస్తే లేచి అవతలి గదిలోకి వెళ్లి పడుకునే కుక్క కావచ్చు. అలాంటి మనుషులు మన ఇళ్లలోనూ ఉంటారు, వాళ్లను ఎవరూ బాగుచేయబోరు.

ఇక పెన్సిల్‌తో రాసిన బాబుకు. పేరు మార్చనక్కర్లేదు నాన్నా. పులి అంటే ఏమిటో దానికి తెలియదు. ఆ రెండక్షరాలు వినపడగానే తర్వాత ఏం జరుగుతుందన్నదే దానికి తెలుసు. అందుకని ఆ పేరును నువ్వు కాపాడాలి: స్నానానికి పట్టుకోవడానికి, మందు వేయడానికి, స్నేహితులకు చూపించడానికి ఆ పేరుతో పిలవవద్దు. రోజుకు పదిసార్లు, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఒక్కసారి మెల్లగా "పులీ" అను. నీ వైపు తల తిప్పితే ఒక ముక్క వెయ్యి. తిప్పకపోతే రెండోసారి అనకు, నీ పని నువ్వు చేసుకో, కాసేపాగి మళ్లీ చూడు. ఎన్నిసార్లు తిప్పిందో అమ్మ పుస్తకంలో చివరి పేజీ నువ్వు తీసుకుని రాయి.